నల్లడబ్బాలో ఆవగింజ

పెళ్ళి సంబంధాల వాకబులో ఇరవై ఏళ్ళు నలిగిన మనిషికి తారు ఫ్యాక్టరీలో ఏం పని అని విజయనగరంలో సగం మంది ముక్కున వేలేసుకున్నారు. మిగతా సగం మందికి కబురు ఇంకా అందలేదు. డిటెక్టివ్ లక్ష్మీకామేశ్వరి మాత్రం కొత్తవలస శివార్లలో, జగన్నాధం ఆఫీసు గదిలో, చీర కుచ్చెళ్ళకి మసి అంటకుండా కాస్త పైకి పట్టుకుని, బల్ల మీదున్న రేకుడబ్బా వంక పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తోంది. ఆమెకి తెలిసిన చూపు అదొక్కటే. పిల్లని ఎవరు పెంచారు, ఇంటికి ఎవరెవరు వచ్చిపోయారు, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది. మనిషైనా తారైనా అడగాల్సినవి ఇవేనని ఆమె నమ్మకం.

ఆమెని పిలిపించింది ఫ్యాక్టరీ యజమాని జగన్నాధం కాదు, ఆయన తల్లి జగ్గమ్మ. మనవరాలికి కుదిరిన పెళ్ళికొడుక్కి సాలూరులో ఇంకో కాపురం ఉందని కామేశ్వరి పట్టుకున్న నాటి నుంచీ ఆవిడకి ఈమె మీద మహా గురి. ఆ విజీనారం అమ్మని పిలిస్తే గాని అన్నం ముట్టనని కొడుకుతో పంతం పట్టింది. తల్లి అన్నం మానేస్తే ఫ్యాక్టరీ క్యాంటీన్ మొత్తం మూతపడుతుంది. వంట ఆవిడదే. జగన్నాధం పిలవక ఏం చేస్తాడు?

ఇక డబ్బా సంగతి. బొగ్గుతారుని పెద్ద పాత్రల్లో కాస్తే నూనెలు ఆవిరై పోగా అడుగున నల్లగా మిగిలేదే పిచ్. చల్లారితే రాయి, వేడెక్కితే పాకం. ఒడిశాలో ఒక అల్యూమినియం కంపెనీ బొగ్గుపొడిని దిమ్మలు కట్టడానికి దీన్ని జిగురుగా వాడుతుంది. జగన్నాధం సరుకుని వాళ్ళు ఏళ్ళ తరబడి గేటు దగ్గర నుంచే తిప్పి పంపేవాళ్ళు. కోటబొమ్మాళి రైతుల పిల్ల యమున కెమిస్టుగా చేరాక సరుకు దశ తిరిగింది. నమూనా డబ్బా ఒకటి కంపెనీకి వెళ్ళింది. తీరా చూస్తే సోడియం హద్దుకి పదిరెట్లు ఉందని డబ్బాని వెనక్కి తోశారు. జగన్నాధం కాళ్ళావేళ్ళా పడ్డాక, సరే, ఈసారి టాంకరు నిండా పంపండి, అదీ తప్పితే ఇక మా గడప తొక్కొద్దన్నారు. ఆ టాంకరు ఇవాళే బయల్దేరుతోంది. పోటీ ఫ్యాక్టరీకి అమ్ముడుపోయి నమూనా పాడుచేసిందని యమున మీద పోలీసు ఫిర్యాదూ ఇవాళే వెళ్తుంది, కామేశ్వరి అడ్డుపడకపోతే.

ఆ ఫిర్యాదు రాసిపెట్టినవాడు గిరిబాబు. జగన్నాధం ముందుగా కుదుర్చుకున్న విశాఖపట్నం ఏజెన్సీ డిటెక్టివు. ఒకప్పుడు కామేశ్వరి దగ్గరే పని నేర్చుకుని, నేర్పిన మనిషికి చెప్పకుండా పోయిన ఘనుడు. ఇప్పుడు నల్ల సఫారీ, నల్ల బ్యాగు, మాటకో ఇంగ్లీషు ముక్క. సఫారీ కుడిభుజం మీద తెల్లటి చార ఒకటి కట్టి ఉంది. ఈ ఎండలో ఆ బట్ట తొడిగితే చెమట ఉప్పు తేలక ఏమవుతుందని కామేశ్వరి లోలోపల జాలిపడింది.

"కేసు క్లోజ్ అయిపోయింది మేడమ్. మీరు కాఫీ తాగి బయల్దేరిపోవచ్చు," అన్నాడు గిరిబాబు.

"కాఫీ ఇంకా రాలేదు గిరీ. వచ్చేదాకా నీ కథ చెప్పు."

అతని కథ గట్టిగానే ఉంది. ఒకే పాత్ర నుంచి రెండు డబ్బాలు నింపారు. ఫ్యాక్టరీలో ఉంచుకున్న డబ్బా మళ్ళీ పరీక్షిస్తే బంగారంలా నెగ్గింది. కంపెనీకి వెళ్ళింది మాత్రం తప్పింది. తారులో ఆమ్లగుణం విరగడానికి సోడా కలుపుతారు, సోడియం ఉండేది ఆ సోడాలోనే. సోడా గది తాళం యమున దగ్గర. డబ్బాకి లక్క సీలు వేసింది యమున. పైగా విశాఖపట్నంలో ఇదే సరుకు తీసే ఇంకో ఫ్యాక్టరీకి ఆవిడ ఉద్యోగం కోసం వెళ్ళొచ్చింది.

"తాళం ఆవిడది, సీలు ఆవిడది, ఇంటర్వ్యూ ఆవిడది. ఇంకేం కావాలి?"

"నా దగ్గర ఉన్నప్పుడూ ఇంతే. పెళ్ళికొడుకు చొక్కా మీద కిళ్ళీ మరక చూసి హత్య కేసన్నావు."

జగన్నాధం నవ్వబోయి, గిరిబాబుకి ఇచ్చిన ఫీజు గుర్తొచ్చి కాబోలు, ఆపుకున్నాడు.

యమున లేబొరేటరీలో ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని చేతులు మాత్రం పనిలోనే ఉన్నాయి. ఉద్యోగం పోతే పోయింది, దొంగ అన్న పేరుతో కోటబొమ్మాళి బస్సు ఎలా ఎక్కాలో తెలియడం లేదని ఒక్క ముక్కలో చెప్పేసింది. ఓదార్పులు కామేశ్వరికి రావు. ముందు నువ్వు చేసిన మంచేమిటో చెప్పమంది.

ఆ మాటతో పిల్ల తేరుకుంది. చెరకురసం కాచి బెల్లం వండడం చూశారా అని అడిగింది. మడ్డి తియ్యకుండా కాస్తే బెల్లం నల్లగా, గరగరలాడుతూ వస్తుంది. ఇక్కడా అదే జరిగేది. తారులో కంటికి కనపడని మసినలుసులుంటాయి, వాటిని అలాగే ఉంచి కాచేవాళ్ళు. తనొచ్చాక తారుని పలచని నూనెతో కలిపి, వేడి మీదే వడపోసి, ఆ తర్వాత కాయించింది. పాత్రలో గాలి లాగేసి కాస్తే తక్కువ వేడికే నూనెలు వదులుతాయి, సరుకు మాడదు. అలా వచ్చిన పిచ్ చల్లారాక అద్దంలా మెరిసిందట. చూసినవాళ్ళందరూ ఎంత నిగనిగలాడుతోందో అన్నవాళ్ళే.

"డబ్బా ఎప్పుడు నింపావు?"

పదకొండు దాటాక. సలసల కాగుతున్న సరుకు, వెంటనే మూత పెట్టకూడదు. ఫ్యాక్టరీలో ఉంచుకునే డబ్బాని లేబొరేటరీలో పెట్టి, పంపాల్సిన డబ్బాని దుమ్ము పడని చోటని క్యాంటీన్ వరండాలో పెట్టించింది. రెండింటికి వచ్చి తనే మూత పెట్టి సీలు వేసింది. అంతదాకా పాత్రలు కాచే ఈశ్వర్ కాపలా.

"విశాఖపట్నం ఎందుకు వెళ్ళావు?"

యమున తల దించుకుంది. "జీతం రెండింతలిస్తామంటే ఎల్లాను మేడమ్. రానని సెప్పీసి వచ్చీసాను. ఈ ఫిల్టరు నాను కట్టింది. దీన్నొగ్గీసి ఎలగెల్తాను?"

"వెళ్ళినట్టు ఎవరికి చెప్పావు?"

"మా అమ్మకి కూడా సెప్పనేదు."

కామేశ్వరి ఆ మాటని చెంగున ముడేసుకున్నట్టు దాచుకుని, ఈశ్వర్ని పట్టుకుంది. అతను వరండా వదిలి కదల్లేదట. అన్నం కూడా అక్కడే తిన్నాడు, కాకపోతే పొగ కళ్ళని మండిస్తోందని డబ్బాకి వీపు పెట్టి తిన్నాడు. బయటివాళ్ళెవరూ రాలేదని దేవుడి మీద ఒట్టేశాడు. లోపలివాళ్ళెవరు వచ్చారంటే మనోళ్ళే అన్నాడు. మనోళ్ళంటే ఎవరని రెట్టిస్తే, మనోళ్ళంటే మనోళ్ళే గదండి అని బిక్కమొహం వేశాడు. చివరికి ఒక్క సంగతి బయటపెట్టాడు. తింటుంటే వెనకాల పోపు చిటపటలాడిన చప్పుడు వినిపించింది. క్యాంటీన్ కదా, అందుకని తిరిగి చూడలేదు.

"పప్పు అప్పటికే వడ్డించేశారా?"

"నా కంచంలో ఉన్నాదండి."

పప్పు కంచంలోకి వచ్చాక పోపెవరు పెడతారు? కామేశ్వరి తిన్నగా ఆఫీసు గదికి వచ్చి, డబ్బాని పాత పేపరు మీద బోర్లించి, సుత్తితో ఒక్కటిచ్చింది. కంపెనీవాళ్ళు సగం తవ్వుకుని పంపిన సరుకు పెంకులు పెంకులుగా పగిలింది. వయొలిన్ మేష్టారైన తన తండ్రి కమానుకి రుద్దే రోజనం బిళ్ళ చేయిజారితే ఇలాగే పగిలేది, ఆయన తిట్లు ఇంకా చెవిలో ఉన్నాయి. ముక్కల్ని ఒక్కొక్కటే కిటికీ వెలుగుకి పట్టి తిప్పింది. డబ్బా పైభాగంలోని ముక్క ఒకదాంట్లో గుండ్రటి చిన్న గుంట, అందులో ఏదో ఇరుక్కుని ఉంది. కామేశ్వరి జడలోంచి పిన్ను తీసి పెకలించింది. అరచేతిలో పడింది ఒక ఆవగింజ. పేలి, పొట్ట విచ్చుకున్న ఆవగింజ.

జగన్నాధం కళ్ళజోడు సవరించుకుని వంగాడు. గిరిబాబు అంతకంటే ముందే వంగాడు.

"ఏదో పురుగు మేడమ్. ఇండస్ట్రియల్ ఏరియా కదా," అంటూ జేబురుమాలు తీసి, ఆమె అరచేతిని తుడవబోయాడు.

కామేశ్వరి అతని మణికట్టు పట్టుకుంది. "పురుగుకి పోపు వాసన రాదు గిరీ. చెయ్యి తియ్యి."

"మేడమ్, ఆవగింజలో సోడియం ఉండదు. సోడా సంగతి తేల్చకుండా ఇలాంటి చిల్లర చూపించి క్లయింటుని తప్పుదోవ పట్టించకండి. ఇది సైన్సు, పెళ్ళిచూపులు కాదు."

"మరి నుదుటి మీద ఆ చెమటెందుకు?"

"ఏటి సెమటా, ఎక్కడ సెమటా," అన్నాడు గిరిబాబు. విశాఖపట్నం భాష జారిపోయి అసలు ఊరి భాష బయటపడింది. అది గమనించి మొహం ముడుచుకుని, అర్జెంటు కాల్ చేసుకోవాలని గేటు వైపు వెళ్ళిపోయాడు. ఫ్యాక్టరీలోకి ఫోన్లు తేకూడదు. అగ్గిపెట్టె తేకూడదు, అగరొత్తి వెలిగించకూడదు. గోడకొక బోర్డు ఉంది, నిప్పు నిషేధమని. అందరి ఫోన్లూ గేటు దగ్గర బుట్టలో పడి ఉంటాయి. జగన్నాధం కూడా, ఒక్క నిమిషంలో వస్తానని గిరిబాబు వెనకే నడిచాడు.

అవతల టాంకరు హారన్ రెండుసార్లు మోగింది. కామేశ్వరి పట్టించుకోలేదు. ఆమె మనసంతా ఆవగింజ మీద ఉంది, ఆ సంగతికి తర్వాత ఆమె చాలా రోజులు చింతించింది.

యమునని వెంటబెట్టుకుని క్యాంటీన్‌కి వెళ్ళేసరికి జగ్గమ్మ కరెంటు పొయ్యి ముందు కూర్చుని దాన్ని తిడుతోంది. డెబ్బై ఏళ్ళు దాటినా మనిషి ఈతమొద్దులా గట్టిగా ఉంది. ఇది పొయ్యా, పొగ నేదు, బుగ్గి నేదు, కుంపటొకటి ఎట్టుకుంటానంటే కొడుకు వల్లకాదంటాడు, నిప్పు లేని కొంప కొంపేనా అని ఆవిడ గోడు. కామేశ్వరి ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది. నువ్వు చేశావా అని అడిగితే తల్లులెవరూ ఒప్పుకోరని ఆమెకి ఇరవై ఏళ్ళుగా తెలుసు. పిల్లని మెచ్చుకోవాలి. అప్పుడు అన్నీ వాటంతట అవే వస్తాయి.

"మామ్మగారూ, ఆవేళ మీ వరండాలో పెట్టిన డబ్బాని నేను చూడలేకపోయాను. ఎంత నిగనిగలాడిందో అని ఇప్పటికీ అంతా చెప్పుకుంటున్నారు."

జగ్గమ్మ వెంటనే పక్కకి తిరిగి మూడుసార్లు తుపుక్కుమంది. "అనకు తల్లీ, అలగనకు. ఆ కళ్ళే గదా తగిలీది. వచ్చినోడల్లా వంగీసి సూసీడమే, మా ఈశ్వర్ గాడు సుద్దా అద్దంలాగ మొకం సూసుకున్నాడు. అంత నలుగురి నోట పడ్డ పిల్ల అత్తోరింటికి ఎల్తంటే దిష్టి తియ్యకండా ఎలగ పంపిస్తాం?"

"తీశారా మరి?"

"తియ్యకేటి. గుప్పెడు కల్లుప్పు, సిటికెడు ఆవాలు. మూడుసుట్లు తిప్పినాను."

"నిప్పులో వెయ్యాలి కదా. ఇక్కడ నిప్పు ఎక్కడిది?"

జగ్గమ్మ ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్ళూ కాసుకుని ఉన్నట్టు, మోకాలు చరిచింది. "అదే తల్లీ నా బాధ. నిప్పెక్కడా ఉండనివ్వరు. సుట్టూరా సూసినాను. ఈ డబ్బాలోది నిప్పుకన్నా ఏడిగా ఉన్నాది, అందులోనే ఏసీసినాను. సిటపటలాడిందమ్మా. గొప్ప దిష్టి, ఇట్టే పోనాది."

యమున గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ పిల్లకే తెలియలేదు, రెండూ ఒకేసారి వచ్చేశాయి. డబ్బాలో పట్టేది కిలో సరుకు. అందులో గుప్పెడు ఉప్పు పడితే సోడియం పదిరెట్లు కాదు, కంపెనీవాళ్ళు ఇంకా మొహమాటపడి తక్కువ రాశారు. ఫ్యాక్టరీ డబ్బా ఎందుకు నెగ్గిందో కూడా తేలిపోయింది. ఇంట్లో ఉండే పిల్లకి దిష్టి ఎవరు తీస్తారు?

అప్పుడే గేటు నుంచి తిరిగొచ్చిన జగన్నాధం గుమ్మంలో నిలబడి సగం నుంచీ విన్నాడు. తల్లిని ఏమనాలో తోచక, జేబులోంచి ఫిర్యాదు కాయితం తీసి అడ్డంగా, నిలువుగా చింపాడు. యమున ముందు మోకాళ్ళ మీద కూర్చుని, క్షమించమ్మా అన్నాడు. తప్పు చేశానని ఆయన నిజంగానే కుమిలిపోయాడు, కంట్లో నీళ్ళు తిరిగాయి. యమున ముక్కు తుడుచుకుని, పర్లేదు సార్, ముందు మామ్మగారికి ఒక కుంపటి కొనండి, గేటు బయట పెట్టుకుంటారు అంది.

"అంత గొప్ప తప్పేటి సేసీసినానని," అని జగ్గమ్మ నొచ్చుకుంది. "ఎవరైనా అడిగితే సెప్పీదాన్ని. ఒక్కలూ అడగనేదు. పొద్దున్న ఆ బాబు ఒక్కడే అడిగినాడు."

జగ్గమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసు కామేశ్వరి నోటిదాకా వెళ్ళి ఆగింది. "ఏ బాబు?"

"ఆ నల్లబట్టల బాబు. మంచోడు. పక్కన కూకుని అంతా ఇన్నాడు. ఇని, మామ్మా మరి ఇయ్యాల టాంకరు ఎల్తాంది గదా, దానికి తియ్యవా అన్నాడు. నిజమే గదా అనిపించీసింది. అంత పెద్ద బండికి గుప్పెడెక్కడ సాల్తాది తల్లీ? మనుసులు తినీ ఉప్పు బస్తాడు ఉన్నాది. నాను మొయ్యలేనంటే ఆ బాబే భుజానేసుకుని నిచ్చెనెక్కీసినాడు. నాను కింద సుట్టూ తిరిగినాను, ఆడు పైనుంచి ఒంపీసినాడు."

చెమటైతే రెండు భుజాలకీ పడుతుంది. కామేశ్వరికి పొద్దున్న చూసిన తెల్లచార ఇప్పుడు సరిగ్గా కనిపించింది. యమున కన్నతల్లికి కూడా చెప్పని ఇంటర్వ్యూ గిరిబాబుకి ఎలా తెలిసిందో కూడా అర్థమైంది. ఆ పిల్ల రానందని కడుపుమండిన విశాఖపట్నం ఫ్యాక్టరీవాళ్ళే చెప్పి ఉండాలి, జగన్నాధం ఇచ్చింది కాక ఇంకో ఫీజు వాళ్ళే ఇచ్చి ఉండాలి. డబ్బా రహస్యం తనకన్నా ముందే పట్టుకున్నాడు వెధవ. పట్టుకుని దాచాడు, దాన్నే మళ్ళీ వాడాడు. ఒకప్పుడు తను నేర్పిన విద్యే. కామేశ్వరికి ఒళ్ళు మండింది, అందులో రవ్వంత గర్వం కూడా ఉంది, అందుకు మరింత మండింది.

"యమునా, ఆ టాంకరులో సరుకు ఇక పనికిరాదా?"

యమున అప్పటికే లేచి నిలబడింది. ఉప్పు పిచ్‌లో కరగదు, బియ్యంలో రాళ్ళలా అలాగే ఉంటుంది. టాంకరు వెనక్కి వస్తే తన ఫిల్టరుకి ఎక్కించి మొత్తం వడగట్టేస్తుంది. కానీ కంపెనీవాళ్ళ పెద్ద తొట్టిలోకి దింపేశారంటే వాళ్ళ సరుకంతా పాడవుతుంది, ఫ్యాక్టరీ అమ్మినా ఆ నష్టం తీరదు. అప్పుడు చింపిన ఫిర్యాదు మళ్ళీ అతికించక్కర్లేదు, కంపెనీవాళ్ళే కొత్తది రాస్తారు. అదీ సీలు వేసి సంతకం పెట్టిన యమున పేరు మీదే.

టాంకరు డ్రైవరు చినబాబుకి ఫోన్ చెయ్యమని కామేశ్వరి అంది. యమున గేటుకి పరుగెత్తింది. చినబాబు ఫోన్ గేటు దగ్గర బుట్టలోనే మోగింది. త్వరగా కదలమని గిరిబాబు తొందర పెట్టేసరికి మర్చిపోయి వెళ్ళాడని వాచ్‌మన్ చెప్పాడు.

ఇంకా దారి ఉంది. చినబాబుది సాలూరు. ఆ దారిన వెళ్ళే ఏ సాలూరు డ్రైవరూ ఇంట్లో అన్నం తినకుండా ఒడిశా వెళ్ళే ఘాట్ రోడ్డు ఎక్కడు. అతను చేయి కడుక్కునేలోగా అక్కడికి చేరితే చాలు. కామేశ్వరి వేసుకొచ్చిన స్కూటర్ మీద అది జరిగే పని కాదు.

"జగన్నాధం గారూ, కారు తియ్యండి. సాలూరు దాటకముందే పట్టుకోవాలి."

జగన్నాధం కారు తాళం లేని జేబు తడుముకున్నాడు.

"కారు గిరిబాబుకి ఇచ్చీసానండి. టాంకరు ఎనకాలే ఎల్లి, సాలూరులో కూడా ఆగనివ్వకండా, దగ్గరుండి దింపించి వస్తానన్నాడు. ఎంత బాధ్యత గల మనిషో అనీసి, డీజిలు కూడా నానే కొట్టించాను."